కన్జర్వేటివ్‌గా ఉంటూనే మరణశిక్ష వద్దని మనవాళ్ళకి ఎలా చెప్పాలి

నేను టెక్సాస్‌లో ఉంటాను. సిటిజన్‌షిప్ వచ్చిన దగ్గర్నుంచి ప్రతి ఎలక్షన్‌లో రిపబ్లికన్‌కే ఓటేశాను, ఇంట్లో గన్ ఉంది, అబార్షన్ తప్పని నమ్ముతాను, గవర్నమెంట్ మన జీవితాల్లో ఎంత తక్కువ వేలు పెడితే అంత మంచిదని నమ్ముతాను. వీటిలో ఒక్కటి కూడా వదులుకోకుండానే మరణశిక్ష వద్దు అనే దగ్గరికి వచ్చాను, నిజం చెప్పాలంటే ఇవి నమ్మబట్టే వచ్చాను. మీరు కూడా నాలాంటి వాళ్ళే అయి, ఇదెక్కడో తప్పనిపిస్తున్నా మనవాళ్ళ మధ్య ఆ మాట ఎత్తడానికి మొహమాటపడుతుంటే, ఈ రాసేదంతా మీకోసమే. ఎక్కడ మొదలుపెట్టాలి, ఏం అనకూడదు, వాళ్ళు తిరిగి ఏం అడుగుతారు, దానికి ఏం చెప్పాలి అన్నీ కొన్నేళ్ళుగా వాదించీ వాదించీ, చాలాసార్లు పాడు చేసుకుని మరీ నేర్చుకున్నవి.

నాకు ఇది ఎక్కడ మొదలైందంటే జ్యూరీ డ్యూటీలో. కౌంటీ కోర్టు నుంచి సమన్లు వస్తే వెళ్ళాను, మామూలు కేసు అనుకున్నా, తీరా చూస్తే హత్య కేసు, ప్రాసిక్యూటర్ మరణశిక్ష అడుగుతున్న కేసు. ఒక లావుపాటి ప్రశ్నల కట్ట ఇచ్చి నింపమన్నారు, తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి కూర్చోబెట్టి అడిగారు. మరణశిక్ష వేయలేను అని గట్టిగా చెప్పేవాళ్ళని జ్యూరీలో ఉండనివ్వరు, అది రూలు. నన్ను అడిగితే వేయగలను అన్నాను, అప్పటికి నా అభిప్రాయం అదే. కానీ ఆ తర్వాత ప్రాసిక్యూటర్ ఒక మాట వివరించాడు: టెక్సాస్ చట్టం ప్రకారం నేరం రుజువయ్యాక జ్యూరీ ఇంకో ప్రశ్నకి జవాబు చెప్పాలి, ఈ మనిషి ముందు ముందు మళ్ళీ హింసకి దిగి సమాజానికి ప్రమాదంగా ఉండే అవకాశం ఉందా లేదా అని. అంటే జరిగింది కాదు, జరగబోయేది పన్నెండు మంది కూర్చుని తేల్చాలి, దాని మీద ఒక మనిషి ప్రాణం ఉంటుంది. నన్ను ఆ జ్యూరీకి తీసుకోలేదు. ఇంటికి డ్రైవ్ చేస్తున్నంతసేపూ ఒకటే ఆలోచన, వచ్చే ఏడాది ద్రవ్యోల్బణం ఎంతుంటుందో చెప్పమంటే ఏ గవర్నమెంట్ ఆఫీసు మాటా నమ్మని నేను, పదేళ్ళ తర్వాత ఈ మనిషి ఏం చేస్తాడో చెప్పడానికి సరే అని తలూపి వచ్చానా అని.

సరే, విషయానికి వద్దాం.

ముందు చనిపోయినవాళ్ళ దగ్గర మొదలుపెట్టండి

ఇది తప్పితే మిగతాదంతా వృథా. మరణశిక్షకి వ్యతిరేకంగా మాట్లాడేవాళ్ళు ఎక్కువమంది ఖైదీ దగ్గర మొదలుపెడతారు, పాపం చిన్నప్పుడు కష్టాలు పడ్డాడు, తండ్రి కొట్టేవాడు అని. అవి నిజమే కావచ్చు, కానీ ఎదుటివాళ్ళ కళ్ళ ముందు ఆ క్షణంలో ఉండేది చచ్చిపోయిన పసిపిల్లో, పెట్రోల్ బంకులో నైట్ డ్యూటీ చేస్తూ కాల్పులకి బలైన కుర్రాడో. మీరు హంతకుడి గురించి జాలిగా మొదలుపెట్టారంటే అక్కడితో వాళ్ళ చెవులు మూసుకుపోతాయి, మూసుకోవడంలో తప్పు కూడా లేదు.

అందుకని మొదట ఒప్పుకోండి. చేసింది ఘోరం, అలాంటివాడు మళ్ళీ బయట తిరగకూడదు, ఆ కుటుంబానికి వచ్చే కోపం న్యాయమైన కోపం. ఇది మాటవరసకి అనొద్దు, మనసులో లేకపోతే అసలు అనొద్దు. నేను ఇప్పటికీ అలాంటి వార్త చదివితే వాణ్ణి బతకనివ్వకూడదు అనే అనుకుంటా మొదటి నిమిషంలో. మన వాదన ఆ కోపం తప్పు అని కాదు కదా, ఆ పని చేసే అధికారం ఎవరి చేతిలో పెడుతున్నాం అని.

ఆ కుటుంబాలకి ఈ పద్ధతి ఏం చేస్తోందో కూడా ఇక్కడే చెప్పండి. శిక్ష పడిన రోజు నుంచి అమలయ్యే దాకా ఇప్పుడు సగటున ఇరవై ఏళ్ళు దాటిపోతోంది. ఈ ఇరవై ఏళ్ళూ అప్పీళ్ళు, వాయిదాలు, తేదీ పెట్టడం, ఆపడం, మళ్ళీ పెట్టడం, ప్రతిసారీ టీవీలో ఆ హంతకుడి ఫోటో, చనిపోయిన పిల్ల ఎలా చనిపోయిందో మళ్ళీ మొదట్నుంచి. అదే యావజ్జీవం, పెరోల్ లేకుండా వేస్తే, కేసు చాలా తొందరగా మూతపడుతుంది, వాడి పేరు జనం మర్చిపోతారు. ఏ అమ్మానాన్నలకైనా ఇందులో ఏది కాస్త నయమో మీరే అడగండి వాళ్ళని.

తర్వాత గవర్నమెంట్ మాట ఎత్తండి

ఇదే అసలు వాదన, ఎక్కువ టైమ్ ఇక్కడే పెట్టండి. మనవాళ్ళలో ఎవర్ని కదిపినా టాక్స్ ఆఫీసు మీద, స్కూల్ బోర్డు మీద, రోడ్లేసే డిపార్ట్‌మెంట్ మీద గంటసేపు చెప్తారు, ఒక ఫారం సరిగ్గా ప్రాసెస్ చేయలేరు, తప్పు చేస్తే ఒప్పుకోరు, ఎవరి ఉద్యోగమూ పోదు అని. అంతా నిజమే. మరి కోర్టు, పోలీసులు, ప్రాసిక్యూటర్ ఆఫీసు, జైలు, ఇవన్నీ ఎవరివి? అదే గవర్నమెంట్, అదే జీతాలు, అవే అలవాట్లు. డీఏ, అంటే కౌంటీ తరఫున కేసులు నడిపే డిస్ట్రిక్ట్ అటార్నీ, కూడా మళ్ళీ ఎలక్షన్‌లో గెలవాలి.

లెక్క ఒకటి గుర్తుపెట్టుకోండి. 1976లో గ్రెగ్ వర్సెస్ జార్జియా తీర్పుతో సుప్రీంకోర్టు మరణశిక్షని మళ్ళీ అనుమతించింది, అప్పట్నుంచి దేశం మొత్తం మీద 1,600 మందికి పైగా శిక్ష అమలైంది. 1973 నుంచి చూస్తే మరణశిక్ష పడి తర్వాత నిర్దోషులుగా బయటికి వచ్చినవాళ్ళు దాదాపు 200 మంది. సుమారుగా ఎనిమిది మందికి శిక్ష అమలైతే ఇంకొకరు నిర్దోషిగా బయటికి వచ్చినట్టు. ఎనిమిది విమానాలు ఎక్కితే ఒకటి కూలిపోతుంది అంటే ఆ కంపెనీ విమానం ఎవరైనా ఎక్కుతారా?

కానీ లెక్కలతో మనసులు మారవు, ఒక మనిషి కథ చెప్పాలి. నేను ఎప్పుడూ చెప్పేది ఆంథొనీ రే హింటన్ కథ, అలబామా. 1985లో బర్మింగ్‌హామ్ దగ్గర ఫాస్ట్ ఫుడ్ రెస్టారెంట్లలో దోపిడీలు జరిగి ఇద్దరు మేనేజర్లు చనిపోయారు. మూడో దోపిడీలో బతికి బయటపడ్డ మేనేజర్ హింటన్ ఫోటో చూసి ఇతనే అన్నాడు, కానీ ఆ రాత్రి ఆ టైముకి హింటన్ మైళ్ళ దూరంలో తాళం వేసిన వేర్‌హౌస్‌లో డ్యూటీలో ఉన్నాడు. ఇక కేసు అంతా ఒక్కదాని మీద నిలబడింది, వాళ్ళమ్మ ఇంట్లో దొరికిన పాత రివాల్వర్, ఆ బుల్లెట్లు ఇందులోంచే వచ్చాయి అని రాష్ట్రం తరఫు నిపుణులు చెప్పడం.

ఇప్పుడు ఇది కాస్త దగ్గర్నుంచి చూడండి. హింటన్‌కి గవర్నమెంట్ పెట్టిన లాయర్‌కి తన తరఫున కూడా ఒక తుపాకీ నిపుణుడు కావాలి, కానీ ఖర్చుకి 1,000 డాలర్లకి మించి ఇవ్వరు అనుకున్నాడు. ఆ పరిమితి అప్పటికే చట్టంలోంచి తీసేశారు, ఆయన చూసుకోలేదు. ఆ డబ్బుకి దొరికింది ఒక సివిల్ ఇంజనీరు, ఒక కన్ను కనపడదు, మైక్రోస్కోప్ వాడటంలో ఇబ్బంది పడి అవతలి పక్షం నిపుణుల సాయం అడగాల్సి వచ్చింది. కోర్టులో ప్రాసిక్యూటర్ అదంతా జ్యూరీ ముందు బయటపెట్టి ఆయన్ని నిలబెట్టి కడిగేశాడు. హింటన్‌కి మరణశిక్ష. 2002లో ముగ్గురు అసలు నిపుణులు చూసి ఈ బుల్లెట్లు ఈ రివాల్వర్‌వి అని చెప్పలేం అన్నారు, అదే ఏడాది కొడుకు ఇంటికి రాకుండానే ఆ తల్లి చనిపోయింది. రాష్ట్రం అయినా ఒప్పుకోలేదు. 2014లో సుప్రీంకోర్టు జడ్జిలంతా ఒకే మాటగా ఆ లాయర్ పనితనం చాలదని తేల్చాక, 2015 ఏప్రిల్‌లో కేసు కొట్టేసి వదిలారు. దాదాపు ముప్ఫై ఏళ్ళు.

ఒక చట్టంలో మారిన లైను ఒక లాయర్ చదవకపోవడం. అంతే. మనం రోజూ ఆఫీసుల్లో చూసే నిర్లక్ష్యమే, కాకపోతే ఇక్కడ దాని చివర ఒక గదిలో ప్రాణం తీసే ఇంజెక్షన్ ఇచ్చే బల్ల ఉంది.

ఆ బల్ల దగ్గర కూడా ఇదే పనితనం. ఓక్లహోమాలో రిచర్డ్ గ్లాసిప్‌కి తొమ్మిదిసార్లు తేదీ పెట్టారు, మూడుసార్లు ఆఖరి భోజనం పెట్టారు. 2015 సెప్టెంబర్ 30న ఇంక కాసేపట్లో అనగా గవర్నర్ ఆపేశారు, ఎందుకంటే పొటాషియం క్లోరైడ్ రావాల్సిన చోట పొటాషియం ఎసిటేట్ వచ్చిందట. తర్వాత తెలిసింది ఏంటంటే అదే ఏడాది జనవరిలో చార్లెస్ వార్నర్ అనే అతని మీద అప్పటికే ఆ తప్పు మందే వాడేశారు. చదివినప్పుడు నాకు కడుపులో తిప్పేసింది. గ్లాసిప్ విషయంలో అసలు హత్య చేసినవాడు వేరే, జస్టిన్ స్నీడ్, అతనే గ్లాసిప్ చేయించాడు అని సాక్ష్యం చెప్పి యావజ్జీవంతో బయటపడ్డాడు. చివరికి ఓక్లహోమా అటార్నీ జనరల్ జెంట్నర్ డ్రమ్మండ్, రిపబ్లికన్, తన రాష్ట్రం గెలిచిన కేసులోనే విచారణ సరిగ్గా జరగలేదు అని సుప్రీంకోర్టుకి చెప్పాడు, 2025 ఫిబ్రవరిలో కోర్టు ఆ తీర్పు కొట్టేసి మళ్ళీ విచారణ అంది. మనవాళ్ళకి ఈ కేసు చెప్పేటప్పుడు ఆ అటార్నీ జనరల్ ఏ పార్టీయో తప్పకుండా చెప్పండి.

డబ్బు గురించి చెప్పండి, కానీ డబ్బుతో మొదలుపెట్టొద్దు

మొదట్లో నేను చేసిన తప్పు ఇదే. మా బావగారితో ఒకసారి భోజనాల దగ్గర నేరుగా ఖర్చు లెక్క ఎత్తాను, ఆయన ప్లేటు పక్కకి జరిపి, "అంటే ఆ చచ్చిపోయిన పిల్ల ఖరీదు ఎక్కువైందంటావా నువ్వు?" అన్నారు. నా దగ్గర మాట లేదు. అప్పట్నుంచి డబ్బు ఎప్పుడూ రెండోదో మూడోదో చెప్తాను.

చాలామంది అనుకునేది ఏంటంటే చంపేస్తే ఖర్చు అయిపోతుంది, బతికున్నంతకాలం తిండి పెట్టి మేపడం దండగ అని. నిజం తలకిందులుగా ఉంది. మరణశిక్ష కేసులో విచారణ రెండు భాగాలు, ముందు నేరం, తర్వాత శిక్ష. జ్యూరీ ఎంపికకే వారాలు పడతాయి. నిపుణులు, రెండు పక్షాల లాయర్లు, ఆ తర్వాత రాష్ట్ర కోర్టుల్లో, ఫెడరల్ కోర్టుల్లో అప్పీళ్ళు, నిందితుడి దగ్గర డబ్బు లేకపోతే, సాధారణంగా ఉండదు, ఆ పక్షం ఖర్చు కూడా మనమే కట్టాలి. కాన్సాస్ రాష్ట్రం 2003లో ఆడిట్ చేయించుకుంటే మరణశిక్ష కేసులకి మిగతా అలాంటి కేసుల కంటే 70 శాతం ఎక్కువ ఖర్చు అని తేలింది. కాలిఫోర్నియా లెక్క ఇంకా దారుణం, 2011లో ఒక ఫెడరల్ జడ్జి, ఒక లా ప్రొఫెసర్ కలిసి లెక్క కడితే 1978 నుంచి 4 బిలియన్ డాలర్లు ఖర్చు, అమలైన శిక్షలు 13. ఒక్కొక్కదానికి 300 మిలియన్ పైమాటే. స్కూళ్ళ మీద ఇలా ఖర్చు పెట్టి ఇలాంటి ఫలితం చూపిస్తే మనం ఊరుకునేవాళ్ళమా?

టెక్సాస్ వాళ్ళకైతే జాస్పర్ కౌంటీ సంగతి చెప్పండి. 1998లో జేమ్స్ బర్డ్ జూనియర్‌ని ట్రక్కుకి కట్టి ఈడ్చి చంపిన ఘోరమైన కేసు, ఆ విచారణల ఖర్చు తట్టుకోలేక ఆ చిన్న కౌంటీ ప్రాపర్టీ టాక్స్ పెంచాల్సి వచ్చింది. అంతకంటే నన్ను పట్టేసింది ఇంకోటి, చనిపోయినాయన కొడుకే ఆ హంతకులకి మరణశిక్ష వద్దు అన్నాడు.

ఆ డబ్బుతో ఎంతమంది డిటెక్టివ్‌లని పెట్టొచ్చో, మూలపడ్డ కేసులు ఎన్ని తెరవొచ్చో ఆలోచించమనండి. మన దేశంలో చాలా హత్యలకి అసలు ఎవరు చేశారో తేలదు. దొరికిన ఒక్కణ్ణి చంపడానికి మిలియన్లు, దొరకని వాణ్ణి వెతకడానికి మనుషులు లేరు, ఇది శాంతిభద్రతలు కోరుకునేవాళ్ళు ఒప్పుకునే లెక్క కాదు.

ప్రాణం, నమ్మకం

ఇది సున్నితంగా ఎత్తాలి, ఎదుటివాళ్ళు ఏ నమ్మకం ఉన్నవాళ్ళో చూసుకుని. పుట్టని బిడ్డ ప్రాణం మీద గవర్నమెంట్‌కి గానీ ఎవరికి గానీ హక్కు లేదు అంటాం కదా, వెంటనే వాళ్ళు అంటారు, ఆ బిడ్డ అమాయకురాలు, వీడు హంతకుడు, రెండూ ఒకటేనా అని. ఒకటి కాదు, ఒప్పుకోండి. ఒకటే అని వాదించారంటే మీరే ఓడిపోతారు. నేను చెప్పేది ఇలా: తేడా నాకు తెలుసు, కానీ ప్రాణం మనం ఇచ్చింది కాదు అన్నప్పుడు, తీయక తప్పదు అన్న పరిస్థితి ఉంటేనే తీయాలి, ఎదురుగా తుపాకీ పట్టుకుని ఇంట్లోకి వచ్చినప్పుడు లాగా. నాలుగు గోడల మధ్య చేతులు కట్టేసి ఉన్నవాణ్ణి ఇరవై ఏళ్ళ తర్వాత చంపడం తప్పనిసరి ఎలా అవుతుంది?

క్రైస్తవులైతే ఆదికాండము 9వ అధ్యాయం తెస్తారు, మనిషి రక్తం చిందించినవాడి రక్తం మనిషి చేతే చిందాలి అని ఉంది కదా అని. ఉంది. అదే పాత నిబంధనలో ద్వితీయోపదేశకాండము 17వ అధ్యాయంలో ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉంటేనే, ఒక్క సాక్షి మాట మీద ఎవరినీ చంపకూడదు అని కూడా ఉంది. మన కోర్టుల్లో ఎంతమందికి ఒక్క జైలు ఖైదీ చెప్పిన మాట మీద శిక్ష పడిందో చూడమనండి. టెక్సాస్‌లోనే కామెరన్ టాడ్ విల్లింగ్‌హామ్, ఇల్లు తగలబెట్టి ముగ్గురు కూతుళ్ళని చంపాడని కేసు, ఒక తోటి ఖైదీ సాక్ష్యం, ఇంకా నిప్పు గురించి అప్పటి నిపుణులు చెప్పిన మాటలు, ఆ మాటలకి సైన్స్ ఆధారం లేదని తర్వాత పెద్ద పెద్ద ఫైర్ నిపుణులు తేల్చారు. నేరం ఒప్పుకుంటే యావజ్జీవంతో పోతుంది అన్నా ఒప్పుకోలేదు. 2004 ఫిబ్రవరిలో శిక్ష అమలు చేసేశారు.

కాథలిక్కులతో మాట్లాడటం తేలిక. 1999 జనవరిలో పోప్ జాన్ పాల్ 2 సెయింట్ లూయిస్ వచ్చినప్పుడు మరణశిక్ష క్రూరం, అనవసరం అన్నారు, స్వయంగా అడిగితే మిజోరి గవర్నర్ ఒక ఖైదీకి శిక్ష తగ్గించారు. 2018లో చర్చి తన బోధనలోనే ఇది ఒప్పుకోదగింది కాదు అని రాసుకుంది. ఇవాంజెలికల్స్‌లో, అంటే ప్రొటెస్టెంట్లలో ఒక పెద్ద వర్గంలో, కూడా కదలిక ఉంది, వాళ్ళ జాతీయ సంఘం 2015లో ఈ విషయంలో విశ్వాసుల్లో రెండు అభిప్రాయాలూ ఉన్నాయని ఒప్పుకుంది, అంతకుముందు దశాబ్దాల పాటు మరణశిక్ష వైపే ఉండేది.

వాళ్ళు తిరిగి అడిగేవి

భయం లేకపోతే హత్యలు పెరుగుతాయి కదా అంటారు. దీని మీద ఎక్కువసేపు వద్దు. 2012లో నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ చూసి, మరణశిక్ష హత్యల్ని తగ్గిస్తుందో పెంచుతుందో వీటిని బట్టి చెప్పలేం, పాలసీకి వీటిని వాడొద్దు అంది. మరణశిక్ష లేని రాష్ట్రాల్లో హత్యల రేటు ఏళ్ళ తరబడి తక్కువే ఉంటూ వస్తోంది. అందువల్లే తక్కువ అని మీరు మాత్రం అనొద్దు, అది రుజువు కాదు, ఒక్క తప్పు మాట దొరికితే మిగతా నిజాలు కూడా పోతాయి.

డీఎన్ఏ వచ్చాక ఇంక తప్పులెక్కడ జరుగుతాయి అంటారు. చాలా హత్యల్లో హంతకుడి డీఎన్ఏ దొరకనే దొరకదు, దూరం నుంచి కాల్చి పారిపోయినవాడు ఏం వదిలిపెట్టి వెళ్తాడు. హింటన్ కేసులో డీఎన్ఏ ఉందా? విల్లింగ్‌హామ్ కేసులో?

అప్పీళ్ళు తగ్గించేసి రెండేళ్ళలో పని కానిచ్చేస్తే ఖర్చూ తగ్గుతుంది, కుటుంబానికీ ఊరట కదా అంటారు. ఇది మంచి ప్రశ్న, చాలామంది నిజాయితీగా అడుగుతారు. జవాబు ఒక్కటే, అలా చేసి ఉంటే హింటన్ 1988కే చచ్చిపోయేవాడు. నిర్దోషులుగా బయటికి వచ్చినవాళ్ళలో ఎంతోమంది పదేళ్ళు, ఇరవై ఏళ్ళు దాటాక వచ్చారు. తొందర చేస్తే తప్పు, ఆలస్యం చేస్తే కుటుంబానికి నరకం, ఈ రెంటి మధ్యా దారి లేదు, ఉంటే ఇన్నేళ్ళలో ఏదో ఒక రాష్ట్రం కనిపెట్టి ఉండేది.

నూటికి నూరుపాళ్ళు తెలిసిన కేసుల్లో మాత్రం వేద్దాం అంటారు. మా బావగారు ఇక్కడే పట్టుబట్టి కూర్చున్నారు. "వీడియోలో కనపడుతుంటే ఇంకేం కావాలయ్యా?" అన్నారు. నేను అడిగాను, "బావగారూ, ఇప్పుడు చట్టంలో ఏముందో మీకు తెలుసు కదా, సహేతుకమైన సందేహం ఏమీ లేకుండా రుజువైతేనే శిక్ష. ఆ 200 మంది కేసుల్లోనూ జ్యూరీ సందేహం లేదనే సంతకం పెట్టింది. ఇప్పుడు దాని పైన ఇంకో మెట్టు, నిజంగా నిజంగా సందేహం లేదు అని చట్టంలో రాస్తే, ఆ మెట్టు ఎక్కిందో లేదో తేల్చేది ఎవరు?" ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మళ్ళీ వాళ్ళే" అన్నారు.

అయితే వదిలేద్దామా అంటారు ఆఖరికి. వద్దు. పెరోల్ లేని యావజ్జీవం. టెక్సాస్‌లో ఇది 2005 దాకా లేనే లేదు, అప్పటిదాకా ఇలాంటి కేసుల్లో యావజ్జీవం అంటే నలభై ఏళ్ళకి పెరోల్ అడగొచ్చు, జ్యూరీలకి ఆ భయం ఉండేది. ఇప్పుడు టెక్సాస్ జ్యూరీలే మరణశిక్షకి దూరం జరుగుతున్నాయి, 1999లో ఒక్క ఏడాదిలో 48 మందికి వేశారు, ఈ మధ్య ఏడాదికి పది కూడా దాటడం లేదు. ఈ ఒక్క సంగతి చాలామందికి తెలీదు, విన్నాక గొంతు కాస్త తగ్గుతుంది.

ఏం అనకూడదు

ఎదుటివాళ్ళని క్రూరులు అనొద్దు, ఆటవికం అనొద్దు. జాతి వివక్ష గురించి నిజాలు ఉన్నాయి, నేను కాదనను, ఏ కౌంటీలో దొరికావు, చనిపోయినవాళ్ళు ఎవరు అన్నదాని మీద శిక్ష మారిపోతోంది, దేశంలోని కౌంటీల్లో 2 శాతం నుంచే సగానికి పైగా మరణశిక్షలు వచ్చాయి. కానీ అదే మొదటి మాటగా ఎత్తితే మనవాళ్ళు మిమ్మల్ని వేరే పార్టీ లెక్కలో వేసేస్తారు. ముందు కౌంటీల తేడాతో మొదలుపెట్టండి, చట్టం అందరికీ ఒకటిగా ఉండాలి అనేది మన మాటే కదా, అక్కడి నుంచి వాళ్ళే మిగతాది అడుగుతారు.

యూరప్‌లో ఎక్కడా లేదు అనే మాట కూడా వద్దు, అది విని మారిన కన్జర్వేటివ్‌ని నేనింతవరకు చూడలేదు.

మనం ఒంటరి కాదని చూపించండి

మనిషికి వాదన నచ్చినా, నా వాళ్ళలో ఇంకెవరున్నారు అని వెతుక్కుంటాడు. ఇల్లినాయిలో జార్జ్ రయన్, రిపబ్లికన్ గవర్నర్, మరణశిక్షకి ఓటేసిన మనిషే. అప్పటికి ఆ రాష్ట్రంలో 12 మందికి శిక్ష అమలైతే 13 మంది నిర్దోషులుగా బయటికి వచ్చారు, అది చూసి 2000లో అన్నీ ఆపేశాడు, 2003లో దిగిపోయే ముందు మరణశిక్ష ఖైదీలందరి శిక్షలూ తగ్గించాడు. మన టెక్సాస్ నుంచి రిపబ్లికన్ కాంగ్రెస్‌మన్‌గా చేసిన రాన్ పాల్ ఒకప్పుడు మరణశిక్ష వైపు ఉండి తర్వాత మనసు మార్చుకున్నాడు. నెబ్రాస్కాలో 2015లో కన్జర్వేటివ్‌లు ఎక్కువగా ఉన్న సభ మరణశిక్ష రద్దు చేసి, గవర్నర్ వీటో చేస్తే 30-19 ఓట్లతో ఆ వీటోని కూడా దాటింది. 2016లో జనం ఓటేసి మళ్ళీ తెచ్చుకున్నారు, అదీ చెప్పండి, దాచొద్దు. కన్జర్వేటివ్స్ కన్సర్న్‌డ్ అబౌట్ ద డెత్ పెనాల్టీ అనే సంస్థ కూడా ఉంది, సభల్లో మాట్లాడటానికి వీళ్ళ మనుషులు వస్తారు.

నాకు మాత్రం అన్నిటికంటే బలమైనది మన టెక్సాస్ హౌస్, అంటే రాష్ట్ర దిగువ సభ, చేసిన పని. రాబర్ట్ రాబర్సన్, 2002లో రెండేళ్ళ కూతురు చనిపోతే పిల్లని ఊపి చంపాడని మరణశిక్ష పడింది. ఆ వైద్య సిద్ధాంతం మీద తర్వాత చాలా సందేహాలు వచ్చాయి, దర్యాప్తు చేసి సాక్ష్యం చెప్పిన డిటెక్టివే నేను పొరపాటు పడ్డాను అంటున్నాడు. 2024 అక్టోబర్ 17న శిక్ష అమలు కావాలి. అంతకుముందే రెండు పార్టీలకీ చెందిన 86 మంది సభ్యులు ఆపమని లేఖ రాశారు, ఆగకపోతే ఒక హౌస్ కమిటీ అతన్నే సాక్షిగా రమ్మని సమన్లు ఇచ్చింది, చచ్చిపోయినవాడు సాక్ష్యానికి రాలేడు కాబట్టి ఆ రాత్రి ఆగింది. జెఫ్ లీచ్, బ్రయన్ హారిసన్, ఇద్దరూ గట్టి రిపబ్లికన్లు, ముందు నిలబడ్డారు. 2025 అక్టోబర్‌లో మళ్ళీ తేదీ పెడితే ఈసారి రాష్ట్ర క్రిమినల్ అప్పీల్స్ కోర్టే ఆపింది.

చివరగా ఏం అడగాలి

మొదటి రోజే రద్దుకి ఒప్పుకో అని అడగొద్దు. గాలప్ అనే సర్వే సంస్థ లెక్కల్లో 1994లో 80 శాతం మంది మరణశిక్ష కావాలి అన్నవాళ్ళు 2024కి 53 శాతానికి వచ్చారు, అది ముప్ఫై ఏళ్ళ పని, ఒక సాయంత్రం పని కాదు. చిన్నది అడగండి. మీ జిల్లా స్టేట్ రిప్రజెంటేటివ్ ఆఫీసుకి ఒక ఫోన్ చేయమనండి. టెక్సాస్ సభ బేసి సంవత్సరాల్లో జనవరి నుంచి 140 రోజులే కూర్చుంటుంది, కాబట్టి ముందు ఏడాది శరదృతువులోనే చేయాలి, అప్పుడు బిల్లులు తయారవుతుంటాయి. ఫోన్ ఎత్తేది ఒక స్టాఫర్, పేరు, జిప్ కోడ్ అడుగుతారు, ఇవ్వండి. ఆ తర్వాత చెప్పాల్సింది రెండే వాక్యాలు: నేను మీ పార్టీకే ఓటేస్తాను, ప్రైమరీలో కూడా వేస్తాను. మరణశిక్ష విషయంలో పాత సైన్స్ మీద పడిన శిక్షలన్నీ మళ్ళీ చూడాలని కోరుతున్నాను. ప్రైమరీ అంటే పార్టీ అభ్యర్థిని ఎంచుకునే ఎన్నిక, ఆ మాట మర్చిపోవద్దు, వాళ్ళు నోట్ చేసుకునేది అదే.

మా బావగారు ఇంకా రద్దు అనలేదు. కానీ రాబర్సన్ తేదీ మళ్ళీ పెట్టినప్పుడు ఆయనే నాకు ఫోన్ చేసి ఆ ఆఫీసు నంబర్ అడిగారు.